పెద్ద పంపు, పక్క సీటు

ఏ పెట్రోల్ పంపు వెయ్యాలో తేలక యేసోబుకి అన్నం సహించడం లేదు.

వినేవాళ్లకి నవ్వులాటగానే ఉంటుంది. పంపు కోసం తిండి మానుకునేవాడుంటాడా అంటారు. కానీ అతని చేతిలో ఉన్నది మామూలు బండి కాదు. భీమవరంలో రొయ్యపిల్లల హేచరీ నడిపే మృణాళిని గారి కారు. ఆవిడకి రేసులంటే పిచ్చి. ఉన్న టర్బో తీయించి ఇంకా పెద్దది పెట్టించుకుంది. టర్బో పని గాలిని ఒత్తి ఒత్తి ఇంజనులోకి కుక్కడం. గాలి ఎంత ఎక్కితే అంత పెట్రోలూ అందాలి. అందకపోతే లోపల మంట మితిమీరి పిస్టన్ కరిగిపోతుంది.

అలా కరిగి బొక్కపడిన పిస్టన్ ఒకటి యేసోబు పనిచేసే షెడ్డు గోడకి వేలాడుతూ ఉండేది. ఎక్కడో పాడై, ఇక్కడికి లాక్కొచ్చిన బండిలోది. దాని కింద నుంచి వెళ్లినప్పుడల్లా యేసోబు తల తిప్పుకునేవాడు. మృణాళిని గారి బండికి కంపెనీ ఇచ్చిన పంపు ఇక చాలదు. బయట దొరికేవాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆ ఎంచుకోవడమే అతని ప్రాణానికి వచ్చింది.

షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. ఖాదర్‌వలీ గారిది. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ ఉస్తాదే. మాట తక్కువ మనిషి. పాఠం చెప్పమని అడిగితే చేతికి పానా ఇచ్చేవాడు.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా ఇంజను పని జరిగిన బండిని మొదటిసారి పూర్తి వేగంతో తోలేటప్పుడు, దాన్ని తయారు చేసినవాడు పక్క సీట్లో కూర్చోవాలి. తోలేది సొంతదారు. ఏం జరిగినా ఇద్దరికీ జరుగుతుంది. "నువ్వు కూర్చోలేని బండిలో ఇంకొకళ్లని కూర్చోబెట్టకు" అనేవాడు ఉస్తాద్. ఇన్నాళ్లూ ఆ సీటు ఆయనదే. యేసోబు ఎంత పని చేసినా ఆయన చేతి కింద చేసినవాడే.

ఈసారి మాత్రం ఇంజను విప్పకముందే చెప్పేశాడు.

"ఈ బండి నీది. పంపు కూడా నువ్వే చూసుకో."

యేసోబు బాగా చూసుకున్నాడు. మార్కెట్‌లో ఉన్నవాటిలో అట్టపెట్టె మీద అన్నిటికంటే పెద్ద అంకె ఎవరు వేశారో వెతికి, ఆ పంపు తెప్పించాడు. ట్యాంకులో బిగించాడు. ఆ రోజు కాస్త ధైర్యం వచ్చి ఛాతీ కూడా విరుచుకున్నాడు.

మృణాళిని గారు చూడ్డానికి వచ్చింది. "పెట్రోల్ సరిపోతుందా యేసోబూ?" అని అడిగింది.

"సరిపోవడమేంటి మేడం. ఈ పంపుతో ఇంకో బండిక్కూడా పొయ్యొచ్చు."

గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న ఉస్తాద్ తలెత్తి షెడ్డు బయటికి చూశాడు.

"ఆ రెండో బండి ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

మృణాళిని గారు నవ్వింది. యేసోబు కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

బండి స్టార్టు చేశారు. ఊరికే నిలబెట్టి ఉంచితేనే పెట్రోల్ వాసన గుప్పుమంది. ప్లగ్గులు విప్పి చూస్తే బొగ్గుల్లా నల్లగా ఉన్నాయి. నిలబడి ఉన్న ఇంజను తాగేది కొంచెం, ఈ పంపు తోసేది బోలెడు. మిగిలింది తిరిగి ట్యాంకులోకి పోవాలంటే ఆ దారి చిటికెన వేలంత సన్నం. వెనక్కి పోలేని పెట్రోలంతా ముందుకి తోసుకొస్తోంది.

సరే, పరిగెత్తిస్తే సర్దుకుంటుందేమోనని రోలర్ల మీదికి ఎక్కించారు. చక్రాలు అక్కడే తిరుగుతాయి, బండి కదలదు, శక్తి ఎంతో ముల్లు చెబుతుంది. సగం వేగం దాకా బాగానే లాగింది. టర్బో గట్టిగా ఊదడం మొదలెట్టగానే పెట్రోల్ ఒత్తిడి ముల్లు కిందికి జారింది. యేసోబు గభాలున ఇంజను ఆపేశాడు. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే ఏమయ్యేదో చూపించడానికి గోడ మీద పిస్టన్ ఉండనే ఉంది.

నిలబెడితే ఎక్కువైంది, పరిగెత్తిస్తే తక్కువైంది. ఇలాంటి తిక్క బండి లోకంలో ఇంకోటి ఉండదనుకున్నాడు యేసోబు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, అలాగే మూసేశాడు.

ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు.

"ఇలాంటివే రెండు వేసేద్దాం ఉస్తాద్. ఒకటి ఆగినా ఒకటి ఉంటుంది."

"బండి అడిగిందా?"

యేసోబు గోడ మీద పిస్టన్ వంక చూశాడు.

"భయం అడిగిందా?"

"భయంగానే ఉంది ఉస్తాద్," అన్నాడు యేసోబు. అనేశాక కొంచెం తేలికపడ్డాడు. "నేనొక్కణ్ణే అయితే పోనీ అనుకుందును. తోలేది ఆవిడ. నా చేతి పని వల్ల ఆవిడకేమైనా అయితే నేనింక పానా ముట్టుకోలేను."

ఉస్తాద్ చేతిలో పని పక్కన పెట్టాడు. ఏదో చెబుతాడని యేసోబు ఎదురుచూశాడు.

"మేడ మీద కరివేపాకు మొక్కలు ఎండిపోతున్నాయని బీబీ గోల పెడుతోంది," అన్నాడు ఉస్తాద్. "నీళ్లు పోసి రా."

షెడ్డు మీదే ఉస్తాద్ ఇల్లు, ఆ ఇంటి పైన డాబా. బీబీ అంటే ఆయన భార్య. యేసోబుకి ఒళ్లు మండింది. ఇక్కడ కొంప మునిగిపోతుంటే కరివేపాకు గొడవేమిటి? అయినా ఉస్తాద్ చెప్పాక కాదనడం ఆ షెడ్డులో అలవాటు లేదు. బకెట్టు తీసుకుని వాకిట్లో కుళాయి కింద పెట్టాడు. మునిసిపాలిటీ నీళ్లు వచ్చే వేళ. పెట్టీ పెట్టగానే నిండి పొర్లింది.

"బాగా వస్తున్నాయా?" అన్నాడు ఉస్తాద్.

"ఉరుకుతున్నాయి."

"మరి మోసుకెళ్లడం ఎందుకు? అది పారబోసి, పైపు తగిలించి పైకి లాక్కెళ్లు. అక్కడే నింపుకో."

యేసోబు పైపు లాక్కుంటూ మెట్లెక్కాడు. డాబా మీద ఎండ మాడ్చేస్తోంది. పైపు చివర బకెట్టులో పెట్టాడు. కాసేపు గాలి బుసకొట్టింది. తర్వాత నీళ్లు వచ్చాయి, సన్నగా, దారప్పోగులాగ.

పిట్టగోడ మీంచి కిందికి వంగాడు. "ఉస్తాద్, కుళాయి ఎవరో కట్టేశారు."

"ఎవరూ ముట్టుకోలేదు," అన్నాడు ఉస్తాద్ కింద నుంచి.

యేసోబు వెనక్కొచ్చి బకెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. అదే కుళాయి. అదే బకెట్టు. చెమట కారుతోంది, బకెట్టు మాత్రం అడుగు కూడా తడవనట్టే ఉంది. దిక్కులు చూస్తుంటే మెట్ల మలుపులో పైపు మడత పడి కనిపించింది. వెళ్లి ఆ మడత సరిచేశాడు. ధార కొంచెం లావెక్కింది. కింద ఉరికినంత ఉరకలేదు గానీ, మొక్కలకి చాలినంత వచ్చింది.

ఆ ధార వంక చూస్తూ అలాగే ఉండిపోయాడు. బకెట్టు నిండి పొర్లి కాళ్లు తడిసేదాకా ఆ సంగతే తెలియలేదు.

అన్ని కుండీలకీ నీళ్లు పోసి కిందికి దిగాడు. ఉస్తాద్ పాత టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"పెట్టె మీద వేసిన అంకె కింద కుళాయిది," అన్నాడు యేసోబు. "ఎదురు తోసేది ఏమీ లేనప్పటి లెక్క అది."

ఉస్తాద్ టీ ఊదుకున్నాడు.

"మన బండి డాబా మీదుంది ఉస్తాద్. టర్బో ఎంత గట్టిగా ఊదితే అంత పైకి ఎక్కించాలి పెట్రోల్. అక్కడ ఎంత పోస్తుందో నేను చూడనే లేదు."

"చూడు," అన్నాడు ఉస్తాద్.

షెడ్డు వెనకాల ఖాళీ స్థలంలో ఏర్పాటు చేసుకున్నాడు. బీడీలు, సిగరెట్లు కాల్చేవాళ్లందరినీ రోడ్డు అవతలికి తరిమాడు. పక్కన ఇసుక బకెట్లు పెట్టుకున్నాడు. డ్రమ్ములో పెట్రోల్ పోసి, అందులో పంపు దింపి, పైపుకి ఒత్తిడి చూపే గేజీ, ధారని సన్నం చేసే మరా తగిలించాడు. బండి పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఎంత ఎదురు ఒత్తిడి ఉంటుందో అంత వచ్చేదాకా మర బిగించాడు. కరెంటు కూడా బండిలో వచ్చే పాత తీగ గుండానే ఇచ్చాడు.

పెద్ద పంపు బాగా మూలిగింది. గీతలున్న డబ్బాలో పెట్రోల్ మాత్రం బద్ధకంగా పడింది. తీగ పట్టుకుని చూస్తే వేడిగా ఉంది. అంత పెద్ద పంపుకి కావలసిన కరెంటు ఆ సన్నటి తీగలో పట్టడం లేదు. మెట్ల మలుపులో మడత పడిన పైపు మళ్లీ కళ్లముందు కనిపించింది.

దాన్ని తీసి పక్కన పెట్టాడు. ఇంకో రకం పంపు తెప్పించాడు, దీనికంటే ఒక మెట్టు చిన్నది. మొదట్లో పెట్టె మీద అంకె చూసి ముఖం తిప్పుకున్నది ఆ పంపునే. బ్యాటరీ నుంచి తిన్నగా లావుపాటి తీగ లాగి, దానికి తగిలించాడు. అదే ఒత్తిడికి మర బిగించి మీట నొక్కాడు.

డబ్బా నిండింది. గీత దాటి పైకి వచ్చింది.

యేసోబుకి నమ్మకం కుదరక డబ్బా ఖాళీ చేసి మళ్లీ పట్టాడు. మళ్లీ అలాగే నిండింది. మర వదులు చేసి, బండి నిలబడి ఉన్నప్పటి ఒత్తిడికి తెచ్చి చూశాడు. మిగిలిన పెట్రోల్ సన్నటి పైపులోంచి బుద్ధిగా వెనక్కి పోయింది.

"ఇంజను తాగేది పోగా మిగులుతోందా?" అన్నాడు ఉస్తాద్ టైరు మీద నుంచే.

"నాలుగో వంతు మిగులుతోంది ఉస్తాద్."

"చాలు."

ఆ ఒక్క మాటకి యేసోబు గుండెల మీంచి ఇంజనుని దించినట్టయింది. పెద్ద పంపుని తుడిచి మళ్లీ దాని పెట్టెలో పెట్టేశాడు. మృణాళిని గారికి తనే ఫోను చేశాడు.

"మేడం, పెద్దదని గొప్పలు పోయాను. అది తీసేసి సరైనది వేశాను."

"అయితే ఇంకో బండికి పోసేది లేదన్నమాట," అందావిడ.

"మీ బండికి చాలినంత పోస్తాను మేడం," అన్నాడు యేసోబు.

రోలర్ల మీద బండి మొదటి నుంచి చివరిదాకా లాగింది. ఒత్తిడి ముల్లు జారలేదు. ప్లగ్గులు విప్పితే, ఉండాల్సినట్టే లేత గోధుమరంగులో ఉన్నాయి. ఇక మిగిలింది ఆనవాయితీ.

నూజివీడు వైపు మామిడి తోటల మధ్య, బండ్లు పరీక్షించుకోవడానికి వేయించిన ఒక సొంత ట్రాక్ ఉంది. పొద్దున్నే అక్కడికి చేరారు. యేసోబు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. టైర్లలో గాలి చూశాడు, చక్రాల బోల్టులు చూశాడు, చూసినవే మళ్లీ చూశాడు. మృణాళిని గారు హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది. యేసోబు ఒక పక్కకి పోయి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు.

తిరిగొచ్చి పక్క సీటు తలుపు తీశాడు. అందులో ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు, బెల్టు కూడా బిగించుకున్నాడు.

"ఉస్తాద్, అది నా సీటు."

"ఆనవాయితీ ఏంటి?"

"తయారు చేసినవాడు కూర్చోవాలి. తయారు చేసింది నేను."

"తలుపెయ్యి," అన్నాడు ఉస్తాద్.

బండి వెళ్లిపోయింది. యేసోబు ట్రాక్ పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. లోపల కూర్చుని ఉంటే ఇంత భయం ఉండేది కాదు. ఇంజను గొంతు పెరిగింది, గేరు మారింది, టర్బో ఈల వేసింది. చెట్ల వెనక్కి వెళ్లేసరికి చప్పుడు సన్నగిల్లి, తర్వాత అసలు వినపడకుండా పోయింది. గోడ మీద పిస్టన్ గుర్తొచ్చింది.

అంతలో మామిడి తోపు ఆ చివర్నుంచి చప్పుడు మళ్లీ మొదలైంది. ఎక్కడా తడబాటు లేదు, దగ్గు లేదు. ఒకే గొంతుతో పెరుగుతూ వచ్చి అతని ముందు నుంచి దూసుకుపోయింది. యేసోబు గడ్డిలో కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. ఎవరూ చూడనందుకు సంతోషించాడు.

మృణాళిని గారు దిగి, హెల్మెట్ తీసి, "యేసోబూ, బంగారంలా ఉంది బండి" అంది. ఉస్తాద్ మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా దిగాడు. ఆయన ముఖంలో ఏమీ కనపడలేదు. "ఆకలేస్తోంది" అన్నాడు.

బీబీ కట్టిచ్చిన క్యారేజీ చెట్టు నీడన విప్పారు. అన్నం, గోంగూర మాంసం. యేసోబు ఎన్నాళ్ల ఆకలో అన్నట్టు తిన్నాడు. పళ్లెం ఖాళీ అవుతుండగా అడిగేశాడు.

"బండి తయారు చేసింది నేను కదా ఉస్తాద్. మరి మీరెందుకు కూర్చున్నారు?"

ఉస్తాద్ గరిటెతో ఇంకొంచెం అన్నం తీసి అతని పళ్లెంలో పెట్టాడు.

"బండిని నువ్వు తయారు చేశావు," అన్నాడు. "నిన్నెవరు తయారు చేశారు?"

యేసోబు తలొంచుకుని ఆ అన్నం కూడా తినేశాడు.