చివరి పేజీలోని వైను

పరాంకుశం గారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే మనిషి కారు. విశాఖ సముద్రపు ఒడ్డున ఒక పెద్ద హోటల్లో ముప్ఫై నాలుగేళ్ళు వైను వడ్డించి రిటైరయ్యాక, అదే హోటల్ వాళ్ళు ఆయనను మళ్ళీ పిలిపించి, కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పమన్నారు. రోజూ ఉదయం పదింటికి, భోజనాల హాలు ఇంకా ఖాళీగా ఉన్న వేళ, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పాఠం చెప్పేవారు. పాఠమంటే చాలావరకు గ్లాసులు తుడవడమే.

ఆయన శిష్యుల్లో ఉత్పల అనే అమ్మాయికి సీసాల పేర్లన్నీ కంఠతా వచ్చు. ఏ ద్రాక్ష ఏ దేశంలో పండుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఒకరోజు ఆమె ముఖం ముడుచుకుని వచ్చింది. ముందురోజు ఒక అతిథి చేపల వేపుడుతో పాటు ముదురు ఎర్ర వైను అడిగితే, అది దీనికి కుదరదని నలుగురి ముందూ చెప్పిందట. ఆయన వైన్ల లిస్టు మూసేసి, మజ్జిగ తెప్పించుకుని తాగి వెళ్ళిపోయాడట.

"గురువుగారూ, వైను సంగతి తెలియని మనిషికి, ఆయనకు తెలియదన్నది పైకి రాకుండా సరైన సీసా ఎలా ఇవ్వాలండీ?" అని అడిగింది.

పరాంకుశం గారు చేతిలోని గ్లాసు తుడుస్తూ, సోమరాజు గారి సంగతి మొదలుపెట్టారు.

సోమరాజు గారిది భీమవరం వైపు. భీమిలి దగ్గర రొయ్యలు శుభ్రం చేసి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ పెట్టారు. రెండువందల మంది ఆడవాళ్ళు అక్కడ రొయ్యలు ఒలుచుకుని బతికేవారు. ఒక ఏడాది, ఎప్పుడూ కొనేవాళ్ళు మొహం చాటేశారు. కోల్డ్ స్టోరేజీ నిండిపోయింది. ఇంకో నెల అలాగే గడిస్తే ఫ్యాక్టరీకి తాళమే. అలాంటి సమయంలో కోలెట్ అనే ఫ్రెంచి ఆవిడ సరుకు చూడడానికి వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. రెండు రోజులు ఫ్యాక్టరీ అంతా తిరిగినా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. మూడో రోజు మధ్యాహ్నం సోమరాజు గారు ఆమెను ఈ హోటల్‌కు భోజనానికి తీసుకొచ్చారు. వైను ఎంచడం రానివాణ్ణి ఫ్రెంచివాళ్ళు మనిషి కింద జమకట్టరని ఎవరో ఆయన చెవిలో వేశారు. ఆయన పుట్టి బుద్ధెరిగి వైను తాగలేదు.

లిస్టు చేతికి రాగానే కోర్టు నోటీసు చదివినట్టు చదివారు. నూట ఇరవై పేర్లు. ఒక్కటీ నోరు తిరిగేది కాదు. తిప్పి తిప్పి చివరి పేజీకి వచ్చారు. అక్కడ అడుగున, హోటల్ యజమాని మోజుపడి వేయించిన వంకీల అక్షరాల్లో, ఫ్రెంచిలో ఒక పొడవాటి పంక్తి ఉంది. పక్కన ధర లేదు. ధర వేయడానికి కూడా జంకారంటే అది మహారాజులు తాగే సరుకై ఉంటుందని ఆయన నిశ్చయించుకున్నారు. దాని మీద వేలు పెట్టి, గొంతు సవరించుకుని, "ఇది పట్రండి" అన్నారు.

ఆ పంక్తికి అర్థం, "ఏది తాగాలో తోచకపోతే మా వడ్డించేవారిని అడగండి" అని.

పరాంకుశం గారికి నవ్వు ఆగలేదు, దగ్గులోకి దించేశారు. 'అది వైను పేరు కాదండీ' అన్న మాట నోటి దాకా వచ్చింది. అంతలో ఆయన చూపు సోమరాజు గారి వేలి మీద పడింది. గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి పెట్టారు. ఈలోగా కోలెట్ పక్కనుంచి వంగి ఆ పంక్తి చదివింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి. పరాంకుశం గారి వైపు ఒకసారి చూసి, ఒళ్ళో రుమాలు పరుచుకుంది.

"దివ్యమైన ఎంపికండీ," అన్నారు పరాంకుశం గారు.

"పాతదేనా?" అని అడిగారు సోమరాజు గారు.

"పద్దెనిమిదేళ్ళ నుంచీ ఈ హోటల్లోనే ఉందండీ." పరాంకుశం గారు అక్కడ ఉద్యోగంలో చేరి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. "అయితే దీనికో పద్ధతుంది. తెచ్చేముందు తమరేం తింటారో, అది ఎలా వండితే తమకు ఇష్టమో అడిగి తెలుసుకోవాలి. లేకపోతే రుచి రాదండీ."

వంట మాట రాగానే సోమరాజు గారు కుర్చీలో ముందుకు జరిగారు. తాజా రొయ్యకు తనదైన తీపి ఉంటుందనీ, మసాలా దట్టిస్తే అది చచ్చిపోతుందనీ, గుప్పెడు ఉల్లిపాయ ముక్కలు, నాలుగు పచ్చిమిరపకాయలు, దించేముందు కాస్త చింతచిగురు చాలనీ వచ్చీరాని ఇంగ్లీషులో, రెండు చేతులూ ఊపుతూ చెప్పుకొచ్చారు. వాళ్ళమ్మ రొయ్యను వాసన చూసి అది ఏ చెరువుదో చెప్పేదట. అంతవరకూ టై బిగించుకుని బొమ్మలా కూర్చున్న మనిషి, టై వదులు చేసుకున్న సంగతి కూడా ఎరగరు. కోలెట్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. రెండు రోజులుగా ఆమెకు యంత్రాల గురించీ కాగితాల గురించీ చెప్పినవాళ్ళే గానీ, రొయ్య గురించి చెప్పినవాళ్ళు లేరు.

పరాంకుశం గారు వంటింట్లో దగ్గరుండి ఆయన చెప్పినట్టే రొయ్యలు వండించారు. లిస్టులో ఎవరూ అడగక మూలపడి ఉన్న ఒక తేలికపాటి తెల్ల వైను, కాస్త పులుపు తగిలేది, తెచ్చి పోశారు. కోలెట్ ఒక గుక్క తాగింది, ఒక రొయ్య తింది, మళ్ళీ ఒక గుక్క తాగింది.

"నేనైనా ఇదే చెప్పేదాన్ని," అంది.

సోమరాజు గారు కషాయం మింగినట్టు మింగి, "బాగా పాతదే," అన్నారు.

ఏడాదికి సరిపడా సరుకుకు ఆవిడ ఆ బల్ల మీదే సంతకం పెట్టింది. వెళుతూ తలుపు దగ్గర ఆగి, "ఆయనకు తెలుసా?" అని పరాంకుశం గారిని మెల్లగా అడిగింది. "దేని గురించండీ?" అన్నారాయన. ఆవిడ నవ్వుకుంటూ కారెక్కింది.

నెల తిరక్కుండా సోమరాజు గారు ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చారు. తడుముకోకుండా చివరి పేజీ తెరిచి వేలు పెట్టి, "అదే. ఈసారి ఇంకాస్త పాతది చూడండి," అన్నారు.

ఉత్పల బల్ల మీద తల ఆన్చి నవ్వింది. నవ్వడం అయ్యాక ఆమెకు అనుమానం వచ్చింది.

"అయినా అది మోసం కాదాండీ? ఆయన అడిగింది ఒకటి, మీరు ఇచ్చింది ఒకటి."

"ఆయన వేలు పెట్టిన పంక్తికి అర్థమేమిటో మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకో తల్లీ," అన్నారు పరాంకుశం గారు.