రెండువేల ఐదువందల ఇరవై ఒకటో విస్తరి

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో నూకాలని ఒక ఆడమనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు పాపం. ఒక్కతే వండుకుని, ఒక్కతే తినేది. ఎన్నేళ్ళు? నీ వేళ్ళు చాలవులే!

ఆ ఊరి మునసబు కాలువ తవ్విస్తున్నాడు. పది ఊళ్ళ జనం పనికి దిగారు. నూకాలు తట్టలూ మోసేది, వచ్చినవాళ్ళ లెక్కా చూసేది. మనిషికో చింతగింజ, మునసబుకొకటి, తనకీ ఒకటి. అన్నీ కలిపితే రెండువేల ఐదువందల ఇరవై ఒకటి. సాయంత్రం తోచక ఆ గింజల్నే కుప్పలు పెట్టుకుంటూ కూర్చునేది.

అప్పుడు కాలువలోకి నీళ్ళొచ్చాయి. "రేపు అందరికీ భోజనాలు" అన్నాడు మునసబు. నూకాలుకి ఎంత సంబరమో! నలుగురి మధ్యా కూర్చుని, కబుర్లాడుకుంటూ ఒక్క పూట తినాలని దాని ఆశ. అంతకన్నా ఏమీ అడగలేదే తల్లీ.

అయితే ఆ మునసబుకి ఒక పిచ్చి పట్టింపు. బంతులన్నీ సమానంగా ఉండాలట, ఒక్క మనిషి మిగిలినా వడ్డన మొదలెట్టకూడదట.

మొదట బంతికి పదేసి మంది. అందర్నీ సర్ది కూర్చోబెట్టింది నూకాలే. తీరా చూస్తే తనొక్కతే మిగిలింది. "లేవండి, లేవండి, తొమ్మిదేసి మంది!" అన్నారు. అప్పుడూ నూకాలే మిగిలింది. ఆ తర్వాత ఏడేసి మంది. మళ్ళీ నూకాలే! జనం ఒకటే నవ్వులు. అవతల అన్నం చల్లారిపోతోంది.

అప్పుడు నూకాలు అంది: "బాబూ, రెండు నుంచి పది దాకా ఎలా కూర్చున్నా ఒకళ్ళు మిగుల్తారు. పదకొండైతే ఇద్దరు, పదమూడైతే పన్నెండుమంది. ఈ లెక్క సమంగా ముక్కలవదు బాబూ. ఎవరి బంతి వాళ్ళదైనా కావాలి, అందరిదీ ఒకే బంతైనా కావాలి. కాలువ గట్టు పొడుగ్గా ఉంది కదా, అందరం ఒకే వరసలో కూర్చుందాం."

మునసబు మొహం చిట్లించాడు. "నేనూ, తట్టలు మోసినవాళ్ళూ ఒకే బంతా?" అన్నాడు. తట్టలు మోసినవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? ఈ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళ పక్కన కూర్చునేది లేదని భీష్మించుకున్నారు.

"మిగిలేది ఒక్కతేగా! నూకాలూ, నువ్వు తర్వాత తిందువుగాని" అని తేల్చేశాడు మునసబు.

ఒకటి తీసేస్తే ఇంకేముంది, రెండువేల ఐదువందల ఇరవై! పదేసి మంది కూర్చుంటే సరిపోయింది. తొమ్మిదేసి మందికీ సరిపోయింది, ఏడేసి మందికీ సరిపోయింది. "ఆహా, ఎంత చక్కని లెక్క!" అని మురిసిపోతూ తిన్నారు.

ఒక్కళ్ళూ లేవలేదా అంటావా? లేవలేదే అమ్మా. రోజూ దాంతో తట్టలు అందిపుచ్చుకున్న మనుషులే. లేస్తే తమ బంతి చెడుతుందని, తలొంచుకుని పప్పు కలుపుకున్నారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఆ తర్వాత నూకాలు చింతగింజల మూటలోంచి తన గింజ ఒక్కటి తీసుకుంది. మూట మునసబు విస్తరి పక్కన పెట్టింది. "ఇప్పుడు లెక్క సరిపోయింది బాబూ" అంది. ఇంటికెళ్ళి, ఒక్కతే వండుకుని, ఒక్కతే తింది.

కథ కంచి దారి పట్టింది,
నూకాలు గట్టు దారి పట్టింది,
మనమేమో ఇల్లు చేరాం,
అందరం ఒకే చాప చేరాం.

ఇంకాస్త జరుగమ్మా, నాకూ చోటివ్వు.