పడమటి కొమ్మ మీద గోరింక

వెదురుకోన అడవిలో ఏనుగులు, దుప్పులు, కుందేళ్లు, లెక్కలేనన్ని పిట్టలు కాపురం ఉండేవి. ఎండాకాలం వస్తే వాటన్నిటికీ ఒకటే భయం, కార్చిచ్చు. అందుకని నాలుగు దిక్కులా కావలికొమ్మలు ఏర్పాటు చేసుకున్నాయి. పొగ కనిపిస్తే కొమ్మ మీది పిట్ట అందరికీ కబురు చెప్పాలి.

కానీ కొమ్మ ఎక్కాలంటే ముసలి వడ్రంగిపిట్ట పెట్టే పరీక్ష నెగ్గాలి. ఎండు మాను మీద ముక్కుతో కొట్టాలి. గబగబా మూడు దెబ్బలు కొడితే నిప్పు. ఆగి ఆగి రెండు కొడితే పడమర. అలాంటి కబుర్లు ముప్పై. ఒక్కటి తప్పినా ఇంటికే.

గోరింక మూడుసార్లు తప్పింది. వడ్రంగిపిట్ట ఉరిమి చూస్తే చాలు, వచ్చినవి కూడా మరచిపోయేది. కిందటేడు పడమటి కొమ్మ మీద ఎవరూ లేరు. మంట అటునుంచే వచ్చింది. గోరింక పిల్లలు మూడూ గూట్లోనే పోయాయి. ఈ ఏడు మళ్లీ రెండు గుడ్లు పెట్టింది. ఆ కొమ్మ ఇంకా ఖాళీయే.

పెద్ద ఏనుగు అందరినీ పిలిచింది.

"గొంతున్నవాళ్లకి ఈ టకటకలెందుకు? పరీక్ష తీసేయండి" అంది రామచిలుక.

"తీసేస్తే ప్రతి వాగుడుకాయా కొమ్మెక్కుతుంది" అంది వడ్రంగిపిట్ట.

"వాగితే వాగాను, నీలా ఖాళీ కొమ్మకి కాపలా కాయడం లేదుగా తాతా!"

అందరూ నవ్వారు. ఏనుగు గోరింక వైపు తిరిగింది. "నువ్వేమంటావమ్మా?"

"కొమ్మ ఖాళీగా ఉండకూడదు" అంది గోరింక.

పరీక్ష తీసేశారు. పడమటి కొమ్మ చిలుకకీ గోరింకకీ కలిపి ఇచ్చారు.

మర్నాడు తెల్లారగానే గోరింక వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్లింది.

"పరీక్షే లేదుగా. ఎందుకొచ్చావ్?"

"నేర్చుకోడానికి తాతా. ఇప్పుడు భయం లేదు. వస్తుంది."

ముసలిది ముఖం తిప్పుకుంది. కాసేపటికి మాను మీద ఒక దెబ్బ కొట్టింది. గోరింకా కొట్టింది. నెల తిరిగేసరికి ముప్పై కబుర్లూ వచ్చేశాయి.

"ఎవరూ అడగని పాఠం అప్పజెబుతోందమ్మా!" అని చిలుక ఎగతాళి చేసింది.

ఒక మధ్యాహ్నం పడమట పొగ లేచింది. పెనుగాలి. చిలుక గొంతు చించుకుని అరిచింది. గాలి హోరులో, వెదుళ్లు పేలే చప్పుడులో ఆ అరుపు కలిసిపోయింది. వాగు అవతల ఏనుగులు తల కూడా ఎత్తలేదు. చిలుక గొంతు బొంగురుపోయింది, సెగకు తోక కమిలింది. అది పారిపోయింది.

గోరింక ప్రాణం గూటివైపు లాగింది. వెళ్లి ఏం చేయగలదు? పిల్లలకి ఇంకా రెక్కలే రాలేదు. గోరింక అక్కడే నిలబడి, కొమ్మ పక్కనున్న ఎండు మాను మీద కొట్టింది. గబగబా మూడు. ఆగి ఆగి రెండు. మళ్లీ మూడు. ముక్కు చిట్లింది. ఆపలేదు.

అంత హోరులోనూ ఆ టకటక విడిగా వినబడింది. వాగు ఒడ్డున వడ్రంగిపిట్ట చెవులు రిక్కించి విన్నది. "పడమర! నిప్పు!" అని ఏనుగుల చెవిలో అరిచింది. అవి పరుగున వచ్చి ఎండుగడ్డి తొక్కేశాయి, తొండాలతో నీళ్లు చిమ్మాయి. మంట గూటికి పది బారల దూరంలో ఆగిపోయింది.

గూట్లో రెండు పిల్లలూ నోళ్లు తెరిచి ఆకలని గోల పెడుతున్నాయి.

"నా పరీక్షే ఉండుంటే నువ్వీ కొమ్మ మీద ఉండేదానివే కాదు తల్లీ" అంది వడ్రంగిపిట్ట, తల వంచుకుని.

కమిలిన తోకతో చిలుక మెల్లగా దగ్గరికొచ్చింది. "అక్కా, నాకూ నేర్పుతావా?"

"ఉండవే, ముందు వీళ్లకి ఇంత పెట్టనీ" అంది గోరింక.

నీతి: తలుపు అందరికీ తీయాలి, లోపలికి వచ్చినవాళ్లు నేర్చుకోవడం మానకూడదు.