అగరు చెట్టుకు పెట్టిన గాయాలు

ఏడు సముద్రాలకు ఇవతల సౌరభపురంలో ఒక రాజుగారు ఉండేవారట. ఆయనకు ముగ్గురు కొడుకులు, కొడుక్కొకటి చొప్పున మూడు అగరు చెట్లు. ఆ చెట్ల ఆకులను పట్టుగుడ్డతో తుడిచేవారు. చీమ ఎక్కితే దులిపేవారు. వడ్రంగిపిట్ట వాలితే డప్పులు కొట్టి తరిమేవారు. కొడుకులకు అంత సేవ జరగలేదు, వాళ్ల ముఖాలు చూస్తే తెలిసేది.

ఒకనాడు ధూమ్రాక్షుడనే మాంత్రికుడు విందుకొచ్చి, పాయసం రెండోసారి వడ్డించలేదని రాణిగారిని రాయిగా మార్చేశాడు. మాంత్రికులకు విరుగుడు కూడా తామే చెప్పేసే జబ్బు ఉంటుంది.

"మీ తోటలో పుట్టిన అగరు పొగ తగిలితే లేస్తుంది. మూడేళ్లు గడువు. ఆపైన పిండి అయిపోతుంది" అని, నున్నటి చెట్లను చూసి నవ్వుకుంటూ పోయాడు.

పెద్దకొడుకు ఆ సాయంత్రమే తన చెట్టు నరికాడు. లోపలంతా తెల్లటి కర్ర. కాలిస్తే పొయ్యికట్టె వాసన. "అన్నయ్యది పనికిమాలిన చెట్టు" అని రెండోవాడు తనది నరికాడు. అదీ అంతే. ఇక మిగిలింది చిన్నవాడు నీలధ్వజుడి చెట్టు. అది కూడా వట్టి కర్రయితే అమ్మ లేనట్టే. అతనికి చేతులాడలేదు.

అసలు అగరు ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి అతను ఏడు సముద్రాలూ దాటాడు. ఏడింట్లోనూ వాంతులు చేసుకున్నాడని పడవవాళ్ల మాట. అవతలి అడవిలో ఒక ముసలి వడ్రంగిపిట్ట పలకరించింది.

"మా పిల్లల్ని డప్పులు కొట్టి తరిమింది మీరేనా బాబూ?"

"తప్పయిపోయింది అవ్వా. మా చెట్లకు వాసనెందుకు లేదు?"

"దెబ్బే తగలని చెట్టుకు వాసనేంటి నాయనా? కాండానికి కన్నాలు పెట్టు. ఈ బూజు చెక్కలు వాటిలో కుక్కు. చెట్టు ఆ చీడతో పోరాడిన చోటల్లా నల్లబడుతుంది. ఆ నలుపే అగరు. నిండా రెండేళ్లు ఆగాలి. మధ్యలో కోశావో, అంతే."

రానూ పోనూ ఏడాది గడిచింది. చిన్నప్పటినుంచీ ఆ చెట్టును తుడిచింది తోటమాలి కూతురు చెంగలువ. నీలధ్వజుడు ఆమె చేతికి కన్నాలు తొలిచే బరమా ఇచ్చాడు.

"నిన్నటిదాకా దులిపిన చేత్తో ఇవాళ పొడవమంటున్నారా దొరా? చచ్చిపోతే?"

అతను తనూ ఒక బరమా అందుకున్నాడు. ఇద్దరూ కలిసే కన్నాలు పెట్టి, బూజు చెక్కలు కుక్కారు.

ఆర్నెల్లకు ఆకులు పండిపోయాయి. రాణిగారి కాలివేలి దగ్గర సన్నటి బీట పడింది. ఏడాదికి అది మోకాలికి, ఏడాదిన్నరకు నడుముకు ఎక్కింది. నీలధ్వజుడు పొద్దున్నే చెట్టును చూసి అమ్మ దగ్గరికి, అమ్మను చూసి చెట్టు దగ్గరికి తిరిగేవాడు. "అమ్మను బతికించమంటే చెట్టునూ చంపుతున్నాడు" అన్నారు సభలో పెద్దలు. వాళ్లకు అదే పని.

"ఒక్కసారి కోసి చూద్దాంరా" అన్నారు అన్నలు.

"వద్దన్నయ్యా" అన్నాడు గాని, బీట గుండెదాకా వచ్చిన రోజు తనే గొడ్డలి పట్టుకుని చెట్టు ముందు నిలబడ్డాడు.

"నేనూ మూడుసార్లు తెచ్చాను దొరా, తిరిగి పెట్టేశాను" అంది చెంగలువ. "మీరూ పెట్టేయండి."

పెట్టేశాడు.

గడువు నిండేసరికి బీట గొంతుకు చేరింది. మాంత్రికుడు వేడుక చూడటానికి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. నీలధ్వజుడు ఒక దెబ్బ వేశాడు, తెల్లటి కర్ర. రెండో దెబ్బ, తెల్లటి కర్రే. అతను గొడ్డలి దించేశాడు. చెంగలువ గొడ్డలి అందుకుని మూడో దెబ్బ వేసింది. కన్నం చుట్టూ కాటుకలాంటి నలుపు.

ఆ ముక్కను రాణిగారి ముందు నిప్పుల మీద వేశారు. పొగ మెల్లగా రాణిగారి పాదాలను తాకి పైకి పాకింది. బీటలు ఒక్కొక్కటే పూడుకున్నాయి. రాణిగారు దగ్గారు. మంత్రం విరిగితే మాంత్రికుడి తల వెయ్యి ముక్కలవ్వాలి. ఇతనిది చిన్న తల, నాలుగే అయింది.

రాణిగారు కళ్లు తెరిచి కొడుకు చేతులు చూశారు, పక్కనున్న పిల్ల చేతులు చూశారు. రెండు జతలకూ ఒకే నల్లటి మరక.

"ముందు ఇద్దరూ చేతులు కడుక్కు రండి" అన్నారు. "పురోహితుడొచ్చేలోగా అన్నం తిందాం."

పెళ్లయి వాళ్లిద్దరూ అరవై ఏళ్లు రాజ్యమేలారు. ఆ అరవై ఏళ్లూ నీలధ్వజుడు పొద్దున్నే లేచి అమ్మ గదిలోకి తొంగిచూసే అలవాటు మానలేదట.