తిరగలి దావా

శేషాచలయ్యగారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే మనిషి కారు. "పంతం నెగ్గాక కూడా మనసుకి సుఖం ఎందుకుండదు గురువుగారూ?" అని శిష్యుడు భావనారాయణ అడిగితే, ఆయన కండువా సర్దుకుని ఓ కోర్టు కథ ఎత్తుకున్నారు.

గోదావరి పక్క ఓ చిన్న ఊళ్లో రావమ్మ, మంగతాయారు ఇరుగుపొరుగు. ఇద్దరికీ కలిపి ఒకటే తిరగలి. ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టుకుని కందులు విసిరేవారు; కందులతో పాటు ఊరి మంచిచెడ్డలన్నీ ఆ రాళ్ల మధ్య పడి నలిగేవి. మంగతాయారు కూతురి పెళ్లిపనులకి తిరగలికి పసుపు రాస్తుంటే, వియ్యపురాలు "ఇదెవరిదండీ?" అంది. "మాదే" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అంతవరకూ ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. మాటకి మాట పెరిగింది. రావమ్మ దావా వేసింది. మంగతాయారు ఆ గోడ పక్కన ఉండలేక వేరే వీధికి ఇల్లు మారిపోయింది.

ఇక ఇద్దరూ ఒకరి కంట ఒకరు పడేది వాయిదా రోజునే. ఆ రోజు రావమ్మ తలంటుకుని, పెట్టెలోని చీర తీసి కట్టుకుని, అందరికంటే ముందే కోర్టుకి చేరేది. వసారాలో ఒకటే బల్ల. ఆ చివర మంగతాయారు, ఈ చివర తను. మనిషి చిక్కిందా, దగ్గుతోందా, ఎవరైనా తోడొచ్చారా అని ఓరకంట చూసుకునేది. పలకరిద్దామని ప్రాణం కొట్టుకునేది. కానీ కోర్టుకీడ్చింది తనే, ఏ మొహం పెట్టుకుని పలకరిస్తుంది?

చివరికి లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టారు. "ఆవిణ్ణే తీసుకోమనండి. ఒక్కదాన్నీ నేనేం విసురుకుంటాను?" అంది మంగతాయారు. రాజీ కాగితం మీద సంతకం పెట్టి లేచి వెళ్లిపోయింది.

"నెగ్గావు కదమ్మా, ఇక నువ్వు రానక్కర్లేదు" అన్నారు జడ్జిగారు.

రావమ్మ కదల్లేదు. కళ్లు తుడుచుకుని, "ఇంకొక్క వాయిదా వేయండి బాబూ" అంది.

భావనారాయణ ఉండబట్టలేకపోయాడు. "ఆ ఏడుపేదో మంగతాయారు దగ్గరే ఏడవొచ్చు కదండీ?"

"ఏడవొచ్చు" అన్నారు శేషాచలయ్యగారు. "ఆవిడ అప్పటికింకా గేటు కూడా దాటలేదు."