బంతి చివర పండితుడు

రంగభూపతి మహారాజుకు ఒకరోజు వింత కోరిక పుట్టింది. ఆకలి ఎక్కడ పుడుతుందో చూడాలట! పాపం, ఆయనకు అది ఎప్పుడూ వేసిందీ లేదు, ఎదురుపడిందీ లేదు.

ఆస్థాన పండితుడు త్రిలోచనుడు మీసం దువ్వాడు. "ఆర్నెల్లు గడువివ్వండి ప్రభూ. లోకంలో ఉన్న ఆకలినంతా గుడ్డమీద గీసి తెస్తాను."

తెచ్చాడు కూడా. గోడంత పటం! సముద్రాల అవతలి దేశాలతో సహా, ఆకలి ఉన్నచోటల్లా ఎర్రరంగు పూశాడు. సొంత రాజ్యంలో మెరక ఊళ్లన్నీ ఎరుపే.

"అక్కడి నేల మంచిది కాదు ప్రభూ. మనుషులు ఒట్టి బద్ధకస్తులు. ఆపైన పూర్వజన్మ పాపం. అలాంటివాళ్లకు మన గాదెల్లోంచి ధాన్యం పంపడం దండగ. ఆపించెయ్యండి."

"సరే, భోజనం కాగానే ఆజ్ఞ రాయిద్దాం" అన్నాడు రాజు.

మజ్జిగ చెంబుతో పక్కనే నిలబడ్డ నాంచారమ్మ చెవిన ఆ మాట పడింది. ఆవిడ రాజుగారి వంటశాలకు పెద్ద. ఆవిడ చెల్లెలూ, దాని ముగ్గురు పిల్లలూ ఉండేది ఆ మెరక ఊళ్లలోనే. బద్ధకమట! ఆ చెల్లెలు రోజూ కోసెడు దూరం నుంచి నీళ్లు మోసుకొస్తుంది. ఈ పండితుడికేమో కాళ్లు కడుక్కోవడానికే ఇద్దరు నౌకర్లు.

ఆవిడ చెంబు పక్కన పెట్టి, నౌకర్లచేత పటం తీయించింది. నవ్వుతూ పండితుడి దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, మీ పటం భోజనాల సావిట్లో ఆ చివరి గోడకు కట్టించాను. దాని కిందే మీ పీట వేస్తే, తింటున్నంతసేపూ అందరి కళ్లూ మీమీదే ఉంటాయి."

పండితుడు మురిసిపోయి బంతి చివరికి వెళ్లి కూర్చున్నాడు. అక్కడ రోజూ కూర్చునే గుమాస్తాలు ఎందుకైనా మంచిదని ఇంట్లో చద్దన్నం తినే వస్తారు. ఎప్పుడూ రాజు పక్కనే తినే ఆయనకు ఆ సంగతేం తెలుసు?

వడ్డనవాళ్లకు నాంచారమ్మ ఒక్కటే చెప్పింది.

"రోజూ ఎలా వడ్డిస్తారో అలాగే వడ్డించండి."

పులిహోర రాజుగారి దగ్గర మొదలై, సర్దారుల దగ్గర ఆగి, మళ్లీ రాజుగారి దగ్గరికే మారు వడ్డనకు పోయింది. గుత్తివంకాయ కూరా అంతే. బూరెలు మూడుసార్లు తిరిగాయి, అదీ వాళ్ల మధ్యే.

చివరికి రాజు తేన్చి, లేవబోయాడు. రాజు లేస్తే బంతంతా లేవాల్సిందే, అది అక్కడి ఆచారం.

"ఆగండి ప్రభూ!" అని కేకేశాడు పండితుడు. "నా ఆకులో ఉప్పు తప్ప ఏమీ లేదు!"

నాంచారమ్మ వచ్చి, వంగి చూసి, బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో! ఆకు మంచిది కాదేమో అయ్యగారూ."

"ఆకు నిక్షేపంలా ఉంది!"

"అయితే చెయ్యి బద్ధకించిందేమో."

"ఇందాకట్నుంచీ చాచే కూర్చున్నానే!"

"మరింకేం, పూర్వజన్మ పాపం."

"పాపమూ లేదు, గాడిదగుడ్డూ లేదు! వడ్డించేవాడే ఇటు రాలేదు!"

సావిట్లో తలలన్నీ అటు తిరిగాయి. తానేమన్నాడో అప్పుడు తెలిసింది పండితుడికి. మెల్లగా తలెత్తి చూశాడు. నెత్తిమీద ఎర్రటి పటం.

"వంట చాల్లేదా నాంచారమ్మా?" అన్నాడు రాజు.

"తినేది అరవైమంది, వండింది వందమందికి ప్రభూ. గుండిగలు ఇంకా సగం నిండే ఉన్నాయి."

"మరి సముద్రాల అవతలి ఎరుపో?"

"అక్కడ బంతి ఇంకాస్త పొడుగు ప్రభూ, అంతే."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమాస్తాలైతే పీటలమీంచి దొర్లారు. రాజు తన మెళ్లో హారం తీసి నాంచారమ్మ చేతిలో పెట్టి, "రాసుకోండి! ఇకమీదట గాదె తెరిస్తే మొదటి బళ్లు మెరక ఊళ్లకే!" అన్నాడు. ఆపైన బూరెల బుట్ట తనే ఎత్తుకుని బంతి చివరికి నడిచాడు.

పండితుడు రెండు చేతులూ చాచి, తల దించుకుని, నెమ్మదిగా అన్నాడు:

"నాలుగు వెయ్యండి ప్రభూ."