దండనాయకుడి వయసు

మాధవగిరిని ఏలే నరసరాజుకు ఉన్నట్టుండి ముసలివాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఊళ్లో మహమ్మారి తిరుగుతోంది. పెద్ద వయసువాళ్లనే ముందు పట్టుకుపోతోంది.

"నా రాజధానిలో అరవై నిండిన ఒక్క ప్రాణం కూడా పోకూడదు. ఉపాయం చెప్పినవాడికి ఈ ముత్యాలహారం ఇస్తాను" అన్నాడు రాజు నిండు కొలువులో.

దండనాయకుడు బసవభూపతి అందరికంటే ముందు లేచాడు. ఆయన ఉపాయం ఏదైనా సరే, చివరికి తాళం దగ్గరే తేలుతుంది.

"అరవై నిండినవాళ్లను ఒక్కొక్కరిని ఒక్కో గదిలో పెట్టి బయట గొళ్లెం వేద్దాం ప్రభూ. కిటికీలోంచి కూడు అందిస్తే సరి. మనిషి మొహమే చూడకపోతే జబ్బు ఎలా వస్తుంది?"

రాజు తలూపాడు. ఆయనకింకా ముప్పై దాటలేదు, ఊపడానికేం?

మర్నాటికల్లా ఊరంతా గొళ్లేలు పడ్డాయి. బసవభూపతి మేడలో మాత్రం రోజూ విందులే. పడుచు సర్దార్లు ఒకరి మీద ఒకరు పడుతూ తినేవాళ్లు, తాగేవాళ్లు, ఆయన మీసాలను పొగిడేవాళ్లు. ఆ మీసాల నలుపంతా రంగే. వయసు అడిగితే నలభై అయిదంటాడు. పదేళ్లుగా అదే మాట చెబుతున్నాడు.

కొలువులో మాటకారి, రాజుకు చదరంగంలో జోడీ అయిన చెంగప్పకు కూడా గొళ్లెం తప్పలేదు. అతణ్ని వీధి గదిలో పెట్టారు. అతని భార్య అక్కలమ్మను పెరటి గదిలో పెట్టారు. ఆమెకు చెముడు. ఎంత కేకేసినా వినిపించదు. మొగుడు కంటికి కనబడకపోయేసరికి పోయాడనే అనుకుంది. కాపలావాడు అందించిన కంచం అందించినట్టే వెనక్కి వస్తోంది.

కాపలావాడి నోట ఆ మాట విని చెంగప్పకు భయం పట్టుకుంది. ఇలాగే నాలుగు రోజులు పోతే ఆమె దక్కదు. గస్తీకి వచ్చిన బసవభూపతిని బతిమాలాడు. "మా ఇద్దరినీ ఒకే గదిలో పడెయ్యండి బాబూ. ఇద్దరికీ జబ్బు లేదు. నేను కనబడితే గానీ అది తినదు."

"ముసలాళ్లకి ముచ్చట్లేమిటయ్యా? ఇదంతా మీ మేలుకే" అని మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు మహానుభావుడు.

ఇంతలో రాజుకు చదరంగం చేదైపోయింది. బసవభూపతితో ఆడితే ఆయన కావాలనే ఓడిపోతున్నాడు. విసుగెత్తి, ఉత్తరీయం ముక్కుకు అడ్డం చుట్టుకుని, పల్లకీలో చెంగప్ప ఇంటికి వచ్చి, కిటికీకి దూరంగా నిలబడ్డాడు. వెనకాలే బసవభూపతి.

"ఎలా ఉన్నావు చెంగప్పా?"

"దండనాయకుల వారి దయ వల్ల జబ్బు లేదు ప్రభూ. మనిషినన్న సంగతి కూడా మరిచిపోతున్నాను. ఇంతకీ హారం వారికి ఇచ్చేశారా?"

"లేదు. మంచి రోజు చూసి ఇద్దామని."

"ఇవ్వాల్సిందే ప్రభూ. ఊరంతా వణుకుతుంటే వారు విందుల్లో తిరుగుతున్నారు. ఒంట్లో నలత కూడా లేదు. మా తాత ఒక మాట చెప్పేవాడు. ఏ పేరుగల సంవత్సరంలో పుట్టినవాణ్ని ఆ పేరుగల సంవత్సరపు పీడ ముట్టదట. ఇది శార్వరి కదా. వారు శార్వరిలో పుట్టారేమోనని నా అనుమానం. అలాంటివారుంటే హారానికి వేరే మెడ వెతకక్కర్లేదు."

రాజు కుతూహలంగా వెనక్కి తిరిగాడు. బసవభూపతి చూపు రాజు మెడలోని ముత్యాల మీద ఉంది.

"బాగా పట్టావు చెంగప్పా. నేను శార్వరి ఉగాది నాడే పుట్టాను. మా అమ్మ ఎప్పుడూ చెప్పేది" అన్నాడు ఛాతీ విరుచుకుని.

అది నిజమో, హారం కోసం అప్పటికప్పుడు అల్లిన కథో నాకు తెలియదు. చెంగప్పకు ఏదైనా ఒకటే.

"అయితే ప్రభూ, ఈ పేరు మళ్లీ అరవై ఏళ్లకు గానీ రాదు. వారు మొన్న ఉగాదికి పుట్టి ఉండాలి, లేదా అరవై నిండి ఉండాలి. ఆ మీసాలు చూస్తే మొన్న పుట్టినట్టు లేరు."

పల్లకీ బోయీలు కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వారు.

రాజు మాత్రం నవ్వలేదు. "భూపతీ, నా ఎదుట అబద్ధమాడావా, అరవై నిండాయా? ఏదో ఒకటి చెప్పు."

రాజు ఎదుట అబద్ధమాడితే కొలువు ఊడుతుంది. బసవభూపతి తలవంచి, "నిండాయి ప్రభూ" అన్నాడు.

"ఇకనుంచి నీ మేడలో విందులు బంద్. నువ్వు పెట్టిన ఏర్పాటే నీకూను. ఇవాళే గదిలోకి నడు."

దండనాయకుడి మొహం పాలిపోయింది. "ఒక్కణ్నేనా ప్రభూ? గోడలు చూస్తూ పిచ్చెక్కిపోతాను. మా ఆవిణ్ని అదే గదిలో ఉండనివ్వండి. గొళ్లెం లోపలివైపు పెట్టించండి, దొంగనా నేను? పొద్దున కాసేపు అరుగు మీద ఎండలో కూర్చోనివ్వండి. పిల్లలు దూరంగా నిలబడైనా పలకరించి పోతారు. ఇంత మాత్రానికి జబ్బు రాదు ప్రభూ."

"ఇంత మాత్రానికి రాదా?"

"రాదు ప్రభూ. ఒట్టు."

కిటికీ ఊచల మధ్య నుంచి చెంగప్ప చేతులు జోడించాడు.

"నాకు వేరే కోరిక లేదు ప్రభూ. వారు తమకోసం అడిగినవన్నీ ఊళ్లో ముసలివాళ్లందరికీ ఇప్పించండి. జబ్బు రాదని దండనాయకులే ఒట్టేశారు."

ఈసారి రాజు వీధి అదిరేలా నవ్వాడు. అప్పటికప్పుడు ఆజ్ఞ మార్చి, ముత్యాలహారం తీసి ఊచల మధ్య నుంచి లోపలికి విసిరాడు. కాపలావాడు గొళ్లెం తీశాడు.

హారం ఎక్కడ పడిందో చెంగప్ప చూడనైనా లేదు. గబగబా పెరట్లోకి వెళ్లి ఆ గది గొళ్లెం తనే లాగి, భార్య ఎదుట చతికిలబడి, చల్లారిపోయిన కంచం ఇద్దరి మధ్యకు జరుపుకున్నాడు.